తెలుక్ ఇంతన్ ఒరుగు గోపురం: పగోడా వేషంలో ఒక నీటి తొట్టి

హైస్కూల్లో భౌతికశాస్త్రం తెలుగు మాధ్యమంలో చదువుకున్న నా తరంవారికి ‘గరిమనాభి’ అన్న మాట గుర్తుండే ఉంటుంది. ఒక వస్తువు గరిమనాభి నుంచి కిందికి గీసిన లంబరేఖ దాని ఆధారపీఠం లోపల పడినంత కాలం ఆ వస్తువు పడిపోదు. ఈ సూత్రం చెప్పేటప్పుడు మా మేష్టారు నల్లబల్ల మీద సుద్దముక్కతో పీసా గోపురం గీసేవారు. ఆయన పీసా చూడలేదు, మేమూ చూడలేదు. ఆ బొమ్మ నాకు మళ్ళీ గుర్తుకొచ్చింది దాదాపు నలభై ఏళ్ళ తర్వాత, ఇటలీలో కాదు, మలేషియాలో. వైద్యవిద్య బోధించే ఉద్యోగం మీద పేరాక్ రాష్ట్రంలో కొంతకాలం ఉన్నప్పుడు ఒక ఆదివారం దిగువ పేరాక్‌లోని తెలుక్ ఇంతన్ అనే చిన్న పట్టణానికి వెళ్ళాను. ఊరి నడిబొడ్డున, దుకాణాల వరుసల మధ్య, తెల్లని గోడలతో, అంచెలంచెలుగా చూరులతో ఒక పగోడా నైరుతి దిక్కుకు ఒరిగి నిలబడి ఉంది. నెత్తిన ఒక గడియారం.

అది గుడి కాదు. బౌద్ధస్తూపమూ కాదు. 1885లో కట్టిన మంచినీళ్ళ ట్యాంకు.

ఈ కట్టడాన్ని మలయ్ భాషలో ‘మెనారా చొండొంగ్’ అంటారు. చొండొంగ్ అంటే ఒరిగినది. మెనారా అన్న మాట మనకు కొత్తది కాదు. అరబ్బీ నుంచి పర్షియన్, ఉర్దూల దారిన హైదరాబాదు చేరి చార్మినార్‌లో స్థిరపడిన మాటకు ఇది తోబుట్టువు. ఊరి పేరులోని ‘తెలుక్’ను తొలిసారి దారి పక్క బోర్డు మీద చూసినప్పుడు నా కళ్ళు దాన్ని ‘తెలుగు’ అని చదివేశాయి. మలయ్‌లో తెలుక్ అంటే నీరు నేలలోకి చొచ్చుకొచ్చిన వంపు. ఇంతన్ అంటే వజ్రం. పేరాక్ నది మెలి తిరిగే చోట ఉన్న ఊరు కనుక ఆ పేరు. చెవికి వినిపించే పోలిక తప్ప మన భాషకు ఆ పేరుతో చుట్టరికం ఏమీ లేదు. అయితే ఆ ప్రాంతానికి మన భాషతో చుట్టరికం లేకపోలేదు. ఆ సంగతి తరువాత.

1885 నాటి ఊరు

1874లో పంగ్కోర్ ఒప్పందంతో పేరాక్ సుల్తానుల కొలువులోకి ఆంగ్లేయ రెసిడెంటు ప్రవేశించాడు. మొదటి రెసిడెంటు బర్చ్ మరుసటి ఏడాదే పేరాక్ నది ఒడ్డున పాసిర్ సలాక్ వద్ద హతుడయ్యాడు. ఆ అలజడి సద్దుమణిగాక ఆంగ్లేయుల దృష్టి తగరం మీదికి మళ్ళింది. కింతా లోయలో తవ్విన తగరం పడవల మీద నది దిగి సముద్రం చేరాలి. ఆ దారిలో రేవుగా ఎదిగిన ఊరు ఇది. పినాంగ్‌లో లెఫ్టినెంటు గవర్నరుగా పనిచేసిన సర్ ఆర్చిబాల్డ్ ఆన్సన్ ఈ ఊరి వీధులకు నమూనా గీశాడనీ, అందువల్ల 1882లో దీనికి తెలుక్ ఆన్సన్ అని పేరు పెట్టారనీ చరిత్ర. సరిగ్గా వందేళ్ళకు, 1982లో, ఆ పేరు తీసేసి తెలుక్ ఇంతన్ అన్నారు.

1885 మలయా చరిత్రలో చిన్న సంవత్సరం కాదు. అదే ఏడాది జూన్‌లో తైపింగ్ నుంచి పోర్ట్ వెల్డ్ వరకు ఆ దేశపు మొట్టమొదటి రైలు నడిచింది. తెలుక్ ఆన్సన్‌కు రైలు రావడానికి మరో ఎనిమిదేళ్ళు పట్టింది. అంటే ఈ గోపురం కట్టేనాటికి ఆ ఊరికి నది ఒక్కటే రహదారి.

నది పక్కనే ఉన్న ఊరికి నీళ్ళ ట్యాంకు ఎందుకు? గోదావరి లంకల్లోనో కృష్ణ ముఖద్వారం దగ్గరో పుట్టినవారికి ఈ ప్రశ్నకు జవాబు చెప్పనక్కరలేదు. దిగువ పేరాక్‌లో నది మీద సముద్రపు పోటుపాట్ల ప్రభావం ఉంటుంది. వానలు తగ్గిన రోజుల్లో ఉప్పునీరు ఎగదన్నుతుంది. పైగా ఆనాటి ఊళ్ళో కొయ్య ఇళ్ళు, తాటాకు వంటి ఆకు కప్పులు, పక్కపక్కనే దుకాణాలు. ఒక పొయ్యిలోంచి ఎగిరిన నిప్పురవ్వ వీధి మొత్తాన్ని బూడిద చేయగలదు. ఎండాకాలపు మంచినీరు, మంటలు ఆర్పే నీరు: ఈ రెండు అవసరాల కోసం లియోంగ్ చూన్ చోంగ్ అనే చైనీయ కంట్రాక్టరు ఈ గోపురం కట్టాడు.

పైకి ఎనిమిది, లోపల మూడు

గోపురం ఎత్తు 25.5 మీటర్లు. బయటి నుంచి లెక్కపెడితే ఎనిమిది అంతస్తులు. లోపలికి వెళ్తే మూడే. ఈ తేడాలోనే దాని వాస్తు రహస్యమంతా ఉంది. ప్రతి అంచెకూ చుట్టూ ఒక చూరు వేసి, పైకి వెళ్ళే కొద్దీ చుట్టుకొలత తగ్గిస్తూ పోయి, ఎనిమిది అంతస్తుల పగోడా అన్న భ్రమ కల్పించారు. లోపల ఇటుక గోడలు, కొయ్య నేలలు, గోడ వెంబడే పైకెక్కే మెట్లు; అన్నీ కలిపి 110 అంటారు. అన్నిటికన్నా పైనున్న అంతస్తులో లోహపు రేకులతో చేసిన నీటి తొట్టి. దానిపైన గడియారం.

చైనా పగోడాలకు సాధారణంగా బేసి సంఖ్యలో అంతస్తులు ఉంటాయి: ఏడు, తొమ్మిది, పదమూడు. ఇక్కడ ఎనిమిది కనిపించడం చూస్తే ఇది ఏ ఆలయ శాస్త్రాన్నీ పట్టుకుని కట్టినది కాదని తోస్తుంది. కట్టించింది తెల్లదొరల కొలువు ఉన్న ఊరి కోసం, కట్టింది చైనీయుడు, పనివాళ్ళకు చేయి తిరిగినది ఇటుక, కొయ్య, చూరు. నీటి తొట్టికి వేషం కావలసి వచ్చింది. తమకు తెలిసిన వేషం వేశారు.

తొట్టికి వేషం వేయడం మాత్రం అచ్చంగా విక్టోరియా యుగపు అలవాటు. నీటిని ఎత్తున నిలపడం ఆ కాలపు ఇంజనీరుకు కొత్తగా అందిన శక్తి. అయితే ఇనుప తొట్టినో గొట్టాన్నో ఉన్నదున్నట్టు ఊరి నడుమ నిలబెట్టడానికి ఆ తరానికి మొహమాటం. షికాగోలో ఉన్నవాళ్ళు, చూడ్డానికి వెళ్ళినవాళ్ళు మిషిగన్ అవెన్యూ మీద సున్నపురాతి కోటబురుజులా కనిపించే వాటర్ టవర్‌ను ఎరుగుదురు. 1869లో కట్టిన ఆ బురుజు లోపల నిజానికి ఉన్నది నిలువుగా లేచే ఒక గొట్టం. పంపుల కుదుపు వల్ల నీటి పీడనం ఎగుడుదిగుడు కాకుండా చూడడం దాని పని. 1871లో నగరం తగలబడిపోయినప్పుడు మిగిలిన కొద్ది కట్టడాలలో అదొకటి. ఆస్కార్ వైల్డ్ షికాగో వెళ్ళినప్పుడు ఆ వేషాన్ని చూసి ఎగతాళి చేశాడు. ఇంగ్లండులోని కోల్‌చెస్టర్‌లో మన గోపురానికి రెండేళ్ళ ముందు, 1883లో, ఎర్ర ఇటుక స్తంభాల మీద ఒక భారీ ట్యాంకు లేచింది. ఊరివాళ్ళు దానికి పెట్టిన పేరు జంబో. లండన్ జంతుప్రదర్శనశాల అమెరికా సర్కసుకు అమ్మేసిన ఏనుగు పేరు అది. షికాగో గొట్టం గోథిక్ కోట వేషం వేసుకుంటే, తెలుక్ ఆన్సన్ తొట్టి పగోడా వేషం వేసుకుంది. నా మటుకు నాకు మూడింట్లోనూ ఇదే అందంగా కనిపిస్తుంది. చూరుల నీడ కింద గోడ ఎండకు కాగదు, వానకు నానదు. ఆ వాతావరణంలో అది అలంకారమే కాదు, అవసరం కూడా.

ఎత్తు చేసే పని

వైద్యుడికి నీటి గోపురం అర్థం కావడం తేలిక. రోగి మంచం పక్కన సెలైన్ సీసాను కొక్కేనికి ఎత్తున వేలాడదీస్తాం. సీసా ఎంత ఎత్తుగా ఉంటే ద్రవం అంత వేగంగా సిరలోకి దిగుతుంది. సీసాను మంచం కన్నా దిగువకు దించితే రక్తమే వెనక్కి గొట్టంలోకి ఎక్కుతుంది. పంపు లేదు, మోటారు లేదు. ఉన్నది ఎత్తు ఒక్కటే.

1733లో ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే మతాచార్యుడు గుర్రపు ధమనిలోకి సన్నని గొట్టం దూర్చి, దానికి పొడవాటి గాజు గొట్టం తగిలించి, రక్తం ఎనిమిది అడుగులకు పైగా ఎగబాకడం చూశాడు. రక్తపీడనాన్ని కొలిచిన మొదటి సందర్భం అది. ఇప్పుడు మనం 120 మిల్లీమీటర్ల పాదరసం అని చెప్పే పీడనాన్ని నీటిలో చెబితే సుమారు 1.6 మీటర్ల స్తంభం. అదే పద్ధతిలో పది మీటర్ల నీటి స్తంభం దాదాపు ఒక వాతావరణ పీడనానికి సమానం. తొట్టి అడుగు నేలకు పది మీటర్ల ఎత్తున ఉంటే, వీధి కుళాయి దగ్గర నీటి పీడనం మన గుండె ఒక్కో కొట్టుకునే పోటుకు పుట్టించే పీడనానికి ఆరు రెట్లు. ఒక అంతస్తు దుకాణం కప్పు మీదికి నీళ్ళు చిమ్మడానికి అది చాలు. నిప్పంటుకున్న అర్ధరాత్రి ఆవిరి యంత్రం రాజేసి, పంపు తిరిగేదాకా ఆగనక్కరలేదు. పగలు తీరుబడిగా ఎక్కించిన నీరు రాత్రి తనంతట తాను దిగుతుంది.

ఇంకొక ప్రయోజనం ఉంది. దాన్ని ఆ కాలపు ఇంజనీర్లు ఎంతవరకు తలచారో గాని, వైద్యుడిగా నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. గొట్టంలో పీడనం ఎప్పుడూ ఉంటే, గొట్టానికి చిల్లు పడినా నీరు బయటికే కారుతుంది. పీడనం పోయిన మరుక్షణం దిశ మారుతుంది. పక్కనున్న మురుగు చిల్లులోంచి లోపలికి వస్తుంది. సెలైన్ సీసాను కిందికి దించితే రక్తం వెనక్కి వచ్చినట్టే. మన ఊళ్ళలో ఓవర్‌హెడ్ ట్యాంకులు లేకపోలేదు. పంచాయతీకొకటి ఉంది. నీరు వదిలేది మాత్రం పొద్దున గంట, సాయంత్రం గంట. తక్కిన ఇరవై రెండు గంటలు గొట్టాలు ఖాళీ. ఆ గంటలోనూ కుళాయికి మోటారు బిగించి లాగేవారు ఉంటారు. మురుగు కాలవలో మునిగి ఉన్న గొట్టంలోంచి మోటారు ఏం లాగుతుందో చెప్పనక్కరలేదు. హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో తొలకరి పడగానే వాంతులు, విరేచనాలతో వార్డు నేల మీద కూడా రోగులు నిండిపోయేవారు. ‘కలుషిత నీరు’ అని కేసు షీటులో రాసేవాళ్ళం. ట్యాంకులో నీరు పరీక్ష చేస్తే బాగానే ఉండేది. ట్యాంకుకూ గ్లాసుకూ మధ్య ఏం జరిగిందో మేము అడగలేదు.

గోపురం కట్టేనాటికి కలరా క్రిమి కొత్త వార్త. లండన్‌లో జాన్ స్నో బ్రాడ్ వీధి పంపును పట్టుకున్నది 1854లో. రాబర్ట్ కోఖ్ కలకత్తా వచ్చి ఆ క్రిమిని గుర్తించినది 1884 మొదట్లో. అంటే తెలుక్ ఆన్సన్‌లో పునాదులు తవ్వడానికి ఒక ఏడాది ముందు. నీటిని ఎత్తున నిలిపితే సరిపోదనీ, వడపోయాలనీ ప్రపంచానికి కఠినంగా తెలిసివచ్చినది 1892లో. ఎల్బే నది నీటిని వడపోయకుండా పంచిన హాంబుర్గ్‌లో కలరాతో 8,000 మందికి పైగా చనిపోయారు. అదే నది నీటిని ఇసుక పడకల మీద వడపోసి పంచిన పక్క ఊరు ఆల్టోనా చాలావరకు తప్పించుకుంది. ఈ గోపురంలోని తొట్టి ఆ పాఠానికి ముందటిది. అది నీటిని నిలిపేది, శుద్ధి చేసేది కాదు.

ఎందుకు ఒరిగింది

కట్టిన కొద్ది ఏళ్ళకే గోపురం ఒరగడం మొదలైంది. మెత్తటి నేల, అడుగున పారే ఊట, పైన నీటి బరువు: ఇవీ చెప్పే కారణాలు. వీటిలో మొదటిదీ మూడోదీ కలిసి ఎలా పనిచేస్తాయో కాస్త వివరంగా చూడడం బాగుంటుంది.

ఒక ఘనపు మీటరు నీరు ఒక టన్ను. లెక్క కోసం ఐదు మీటర్ల వ్యాసం, ఐదు మీటర్ల లోతు ఉన్న తొట్టిని ఊహించుకోండి. నిండితే సుమారు 98 టన్నులు, అంటే ఇరవై ఏనుగులు. ఆ ఏనుగులు వారానికోసారి గోపురం ఎక్కి దిగుతున్నట్టు లెక్క. రాతి మీద కట్టినదైతే ఇబ్బంది లేదు. దిగువ పేరాక్ నేల నది తెచ్చి పోసిన ఒండ్రు, బంకమన్ను.

బంకమన్ను బరువుకు ఎలా లొంగుతుందన్నది 1920లలో కార్ల్ టెర్జాగీ వివరించేదాకా ఇంజనీర్లకు స్పష్టంగా తెలియదు. వైద్యులకు మాత్రం పోలిక సిద్ధంగా ఉంది. గుండె జబ్బుతోనో మూత్రపిండాల జబ్బుతోనో కాళ్ళకు నీరు పట్టిన రోగి ముంజంగ మీద బొటనవేలితో నొక్కిపట్టి తీస్తే గుంట పడుతుంది. వేలు పెట్టిన వెంటనే పడదు. కొన్ని క్షణాలు నొక్కి ఉంచాలి. కణజాలం సందుల్లోని నీరు ఒత్తిడికి పక్కలకు జరుగుతుంది. నీరు జరిగిన మేరకే గుంట. తడి బంకమన్నులో జరిగేదీ అదే. తేడా కాలంలో ఉంది. బంకమన్ను సందులు అతి సన్నం. అందులోని నీరు తప్పుకోవడానికి క్షణాలు కాదు, సంవత్సరాలు పడుతుంది. కట్టిన రోజున నిటారుగా ఉన్న గోపురం మెల్లగా దిగబడడం అందుకే. ఒక పక్క మన్ను మరో పక్క మన్ను కన్నా పిసరంత మెత్తనిదైతే చాలు, దిగబడడం సమంగా ఉండదు.

ఒకసారి ఒరిగాక ఆ ఒరుగు తనను తానే పెంచుకుంటుంది. గరిమనాభి వాలిన వైపుకు జరుగుతుంది. ఆ వైపు మన్ను మీద భారం పెరుగుతుంది, అది ఇంకా దిగుతుంది. నీటి తొట్టి విషయంలో మరో మెలిక ఉంది. ఇటుక గోపురంతో పాటు వాలుతుంది. నీటి ఉపరితలం వాలదు, సమతలంగానే ఉంటుంది. దానితో తొట్టిలో ఒరిగిన వైపు నీటి లోతు ఎక్కువ, ఎదుటి వైపు తక్కువ. అంటే నీటి బరువు ఒరిగిన వైపుకు అదనంగా జరుగుతుంది. పీసా గోపురంలో ఉన్న రాయికి ఈ గుణం లేదు.

పీసాతో పోలిక ఇంతటితో ఆగదు. అక్కడ పని 1173లో మొదలై, మూడో అంతస్తు దగ్గర ఆగి, దాదాపు శతాబ్దం పాటు అలాగే ఉండిపోయింది. యుద్ధాలు, డబ్బు లేకపోవడం కారణం. ఆ విరామంలో కింది బంకమన్నులోని నీరు తప్పుకుని మన్ను గట్టిపడింది. ఆపకుండా కట్టి ఉంటే గోపురం అప్పుడే కూలేదని దాన్ని 1990ల తర్వాత చక్కదిద్దిన ఇంజనీర్ల అభిప్రాయం. వారు చేసిన వైద్యమూ చిత్రమైనదే. ఒరిగిన వైపు ఎత్తలేదు. ఎదుటి వైపు పునాది కింద నుంచి కొద్దికొద్దిగా మన్ను తోడి, అటువైపు దిగనిచ్చారు. అయిదున్నర డిగ్రీల ఒరుగు అర డిగ్రీకి మించి తగ్గాక, 2001లో మళ్ళీ జనాన్ని ఎక్కనిచ్చారు. పూర్తిగా నిటారు చేయలేదు. చేస్తే చూడ్డానికి ఎవరొస్తారు? పగోడాల వంశంలోనూ ఒరుగు కొత్త కాదు. చైనాలోని సూజో నగరంలో పదో శతాబ్దపు వ్యాఘ్రగిరి పగోడా వాలే నిలబడి ఉంది.

తెలుక్ ఇంతన్ గోపురానికి శతాబ్దపు విరామం దొరకలేదు. దొరికినది మరొకటి: దాని ఉద్యోగం పోయింది. తొట్టి అక్కడే ఉన్నా ఊరికి నీరు పంచే పని ఇప్పుడు దానిది కాదు. ఆ మేరకు పునాదికి తేలిక.

లోపల మెట్లెక్కుతున్నప్పుడు చాలామందికి తల తిరిగినట్టు ఉంటుంది. అది భయం వల్లనో వయసు వల్లనో కాదు. లోపలి చెవిలో జిగురు పొర మీద ఉండే సున్నపు రేణువులు ఏది కిందో చెబుతాయి. కళ్ళు గోడనూ నేలనూ చూసి ఏది నిలువో చెబుతాయి. నిటారు ఇంట్లో ఇద్దరు సాక్షులూ ఒకే మాట చెబుతారు. ఒరిగిన గోపురంలో ఎవరి మాట వారిది.

గడియారం

గోపురం మీది గడియారం లండన్ లడ్‌గేట్ హిల్‌లోని జె. డబ్ల్యూ. బెన్సన్ కంపెనీది. విక్టోరియా రాణికి గడియారాలు అందించిన సంస్థ అది. ఊరికి నీళ్ళ కోసం కట్టిన గోపురం ఊరికి సమయం చెప్పే గోపురంగా మిగిలింది. ఎత్తైన చోటు ఎవరికి దొరికితే వారు గడియారం పెట్టిన కాలమది. మన చార్మినార్‌కు నాలుగు వైపులా గడియారాలు వచ్చినది 1889లో. అంటే మూడు వందల ఏళ్ళు గడియారం లేకుండానే గడిపిన కట్టడానికి కూడా ఆ తరం దాన్ని తగిలించకుండా ఊరుకోలేదు.

ఒరిగిన గోపురం గడియారానికి ఒక చిక్కు తెస్తుంది. ఆ కాలపు గోపుర గడియారాలు లోలకంతో నడిచేవి. లోలకం భూమి మాట వింటుంది, నిలువుగానే వేలాడుతుంది. దాని చుట్టూ ఉన్న చట్రం గోడతో పాటు వాలుతుంది. టిక్కుకూ టిక్కుకూ నడుమ ఎడం సమంగా లేక, కుంటినడకలా వినిపించి, చివరకు ఆగిపోతుంది. చట్రాన్ని మళ్ళీ సరిచేయాలి. ఎడాపెడా తూగే అలాంటి శబ్దం స్టెతస్కోపులో వినిపిస్తే మేము వెంటనే ఇ.సి.జి. తీయిస్తాం.

నీళ్ళు ఎవరికి

ఇక మొదట దాటేసిన చుట్టరికం. తెలుక్ ఇంతన్ నుంచి పడమరగా హుతన్ మెలింతంగ్ మీదుగా సముద్రం వైపు వెళ్తే బగన్ దాతో ప్రాంతం వస్తుంది. ఇరువైపులా కొబ్బరి. కోనసీమవాళ్ళకు కన్ను చెమరుస్తుంది. మలేషియాలో తెలుగువారు చెప్పుకోదగ్గ సంఖ్యలో స్థిరపడిన చోట్లలో ఇదొకటి. విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి ఓడలెక్కి, మేస్త్రీల వెంట ఈ తోటల్లోకి వచ్చినవారి మనవలు, మునిమనవలు వీరు. 1938లో భారత ప్రభుత్వం కూలీల వలసను ఆపేసేదాకా ఆ రాక సాగింది. మలయాకు వచ్చిన భారతీయుల్లో తమిళులే అత్యధికులు కావడం వల్ల మన వాళ్ళ కథ ఆ పెద్ద కథలో కలిసిపోయింది.

గోపురంలోని నీరు ఊరిది. దుకాణాలది, రేవుది, కచేరీలది. తోటలు ఊరికి బయట. అక్కడి కూలీ లైన్లకు ఆ తొట్టి గొట్టం చేరే ప్రసక్తి లేదు. మలేరియా, రక్తవిరేచనాలు, కొంకి పురుగుల వల్ల వచ్చే రక్తహీనత: మలయా తోటల్లో మనుషులను తినేసిన జబ్బులివి. వీటిలో రెండింటికి నీరూ నేలా పరిశుభ్రంగా లేకపోవడమే కారణం, మూడోదానికి నిలవ నీరు. మలేరియా దోమ సంగతిని రొనాల్డ్ రాస్ తేల్చినది మన సికిందరాబాదులో, 1897 ఆగస్టులో. నాలుగేళ్ళు తిరగకుండానే, 1901లో, మాల్కం వాట్సన్ అనే యువ వైద్యుడు ఇక్కడికి దక్షిణాన ఉన్న క్లాంగ్ పట్టణంలో చిత్తడి నేలలు ఆరబెట్టి ఆ జ్ఞానాన్ని ఆచరణలో పెట్టాడు. ఆ తర్వాత ఆ పని తోటల్లోకీ విస్తరించింది. సికిందరాబాదులో కనిపెట్టిన సంగతి తెలుగు కూలీల ప్రాణాలు నిలపడానికి బంగాళాఖాతం దాటి వచ్చిందన్నమాట. విక్టోరియా ఇంజనీర్లు మెచ్చిన ఎత్తైన కట్టడాలకన్నా వాట్సన్ తవ్వించిన మురుగు కాలవలు ఎక్కువమందిని బతికించాయని నా నమ్మకం. కాలవలను చూడ్డానికి ఎవరూ రారు, అది వేరే సంగతి.

బగన్ దాతో దారిలో ఒక టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు నా తెలుగు విని ఒక పెద్దాయన దగ్గరకొచ్చాడు. ఎనభై దాటి ఉంటాయి. “ఏ ఊరు బాబూ మీది?” అన్నాడు. ఆయన పుట్టినది ఇక్కడే. తాతగారి ఊరు శ్రీకాకుళం వైపని విన్నాడు గాని, పేరు తెలియదు. చిన్నప్పుడు తాగేనీళ్ళు ఎక్కడివని అడిగాను. “నూతిలో నీరు ఉప్పగుండేది బాబూ. వాననీరే తాగేవోళ్ళం. రేకు మీంచి పీపాలోకి. ఎండలు ముదిరితే పీపా అడుక్కెళ్ళిపోయేది,” అన్నాడు. ఒరుగు గోపురం ఎక్కారా అని అడిగితే నవ్వాడు. “బజారుకెళ్తే చూసేవోళ్ళం. గంట వినేవోళ్ళం. ఎక్కడానికేటుంది అందులో?”

ఆ పీపాలు ఇంకొక రోగానికి కూడా పుట్టిల్లు. డెంగీని మోసే ఈడిస్ దోమకు మురుగు నచ్చదు. ఇంటి దగ్గర నిలవ ఉంచిన శుభ్రమైన నీరే కావాలి. కుళాయిలో నీరు రోజంతా వస్తే పీపా అవసరం ఉండదు. రాదు గనకే నిలవ, నిలవ ఉంది గనకే దోమ. మన ఊళ్ళలో బిందెలు, సంపులు, డ్రమ్ములు చేసే పనీ ఇదే.

ఆ తర్వాత

1942 జనవరి మొదట్లో జపాను సేనలు నది మీదుగా పడవల్లో వచ్చి తెలుక్ ఆన్సన్ వద్ద దిగాయి. ఉత్తరాన కంపార్ వద్ద నిలబడి పోరాడుతున్న బ్రిటిషు, భారతీయ దళాలు వెనకవైపు నుంచి చుట్టుముట్టబడతామని తెలిసి వెనక్కి తగ్గక తప్పలేదు. ఆక్రమణ కాలంలో జపానువారు గోపురాన్ని కాపలా మంచెగా వాడుకున్నారు. చదునైన ఊళ్ళో అంత ఎత్తు మరెక్కడుంది? 1957 ఆగస్టు 31న మలయా స్వతంత్రమైనప్పుడు యూనియన్ జాక్ దించి కొత్త దేశపు జెండా ఎగరేసినదీ ఇక్కడే. 2015లో దీన్ని జాతీయ వారసత్వ కట్టడంగా ప్రకటించారు.

కౌలాలంపూర్‌లో ఉద్యోగం చేస్తున్న మనవాళ్ళు చాలామందికి ఈ ఊరి పేరు తెలియదు. ఉత్తరానికి మూడు గంటల లోపు ప్రయాణం. ఈపో నుంచి గంటన్నర చాలు. పొద్దున్నే చేరుకుంటే గోపురం చుట్టూ ఒకసారి నడవండి. ఒరుగు అన్ని వైపుల నుంచీ ఒకేలా కనిపించదు; వాలిన దిక్కుకు ఎదురుగా నిలబడితే అసలు ఒరగనట్టే ఉంటుంది. తొంభై డిగ్రీలు పక్కకు జరిగితే గుండె ఝల్లుమంటుంది. నేను జేబురుమాలు మూలకు తాళాల గుత్తి కట్టి, చేయి చాపి పట్టుకుని, ఒక కన్ను మూసి చూశాను. పక్కనున్న చైనీయ పిల్లవాడు కూడా తన బూటు లేసు విప్పి అలాగే పట్టుకున్నాడు. మధ్యాహ్నం బగన్ దాతో దారి పట్టండి. టీ కొట్లలో కాస్త గట్టిగానే తెలుగు మాట్లాడండి.